ఈ కాగితం ఎవరిది? – కంప్యూటరు వైద్య రికార్డులలో పత్రాల అనుసంధానం

మన ఇండ్లలో చాలవరకు బీరువా అడుగు అరలోనో, తలుపు వెనుక మేకుకో ఒక సంచి కనిపిస్తుంది. నానమ్మ గుండె పరీక్ష కాగితం, నాన్నగారి రక్త పరీక్షల రిపోర్టులు, ఎప్పుడో తీయించిన ఎక్స్‌రే ఫిల్ము, మందుల చీటీలు, బిల్లులు అన్నీ అందులో కలగాపులగంగా ఉంటాయి. పెద్దవారిని ఆసుపత్రికి తీసుకొని పోయేటప్పుడు ఆ సంచి కూడ వెంట వస్తుంది. "పాత రిపోర్టులు తెచ్చారా?" అని డాక్టరుగారు అడగగానే దానిని బల్ల మీద గుమ్మరిస్తాము. ఒక్కొక్క రోగికి ఆయన ఇవ్వగలిగిన కొద్ది నిమిషాలలో సగం ఆ కాగితాలను వరుసలో పెట్టుకొనుటకే చెల్లిపోతుంది.

ఆసుపత్రులలో కంప్యూటర్లు వచ్చిన పిమ్మట ఈ అవస్థ తీరునని అందరమూ ఆశించాము. కాగితాన్ని స్కానరు మీద పెట్టితే దాని ప్రతిబింబం కంప్యూటరులోకి పోతుంది. ఆ తరువాత అది చిరగదు, తడవదు, చెదలు పట్టదు. నిజమే. కాని సంచిలోని కాగితానికి ఒక సుగుణం ఉన్నది. అది ఎవరి సంచిలో ఉన్నదో వారిదే. దానిపై పేరు చెరిగిపోయినా, అసలు పేరే వ్రాయకపోయినా, అది నానమ్మదేనని ఇంటిల్లిపాదికీ తెలుసు. కంప్యూటరులోకి పోయిన కాగితానికి ఈ భరోసా దానంతట అది రాదు. లక్షలాది ప్రతిబింబాలలో ఇది ఫలానా వ్యక్తిది, ఫలానా తేదీది, ఫలానా పరీక్షకు సంబంధించినది అని ఎవరో ఒకరు ముడి వేయవలెను. ఆ ముడినే పత్రాల అనుసంధానం అంటారు. అది ఎట్లు పడుతుందో, ఎక్కడ జారుతుందో, జారినప్పుడు ఏమి చేయవలెనో సహ విద్యార్థులకు వివరించుట ఈ వ్యాసం ఉద్దేశం.

మేము చేసిన తప్పు

ఈ విషయంపై వ్రాయుటకు మాకు అర్హత పుస్తకాల వలన వచ్చినది కాదు. చేసిన తప్పు వలన వచ్చినది. గత వేసవి సెలవులలో మేము ముగ్గురు సహాధ్యాయులం ఒక ఆసుపత్రి రికార్డు గదిలో పనికి కుదిరాము. పాత ఫైళ్ళలోని కాగితాలను స్కాన్ చేసి, కంప్యూటరులో ఆయా రోగుల రికార్డులకు జతచేయుట మా పని. మొదటి వారం ప్రతి కాగితాన్ని రెండుసార్లు చదివాము. రెండవ వారానికి చేయి తిరిగినది. మూడవ వారంలో సాయంత్రానికి ఎవరు ఎక్కువ పుటలు ముగిస్తారని మాలో మాకు పందెం మొదలైనది.

అట్టి ఒక సాయంత్రం ఆడవారి వార్డు నుండి నర్సుగారు మా గదికి వచ్చారు. "ఈ అమ్మకు షుగరు లేదు. రికార్డులో షుగరు రిపోర్టు ఉన్నది. ఇది ఎవరిది?" అని అడిగారు. వెదకగా తేలినదేమనగా, ఒకే పేరు గల ఇద్దరు స్త్రీలు ఆ ఆసుపత్రికి వస్తున్నారు. వయసులో తేడా రెండేండ్లు. మేము పేరు కొట్టగానే తెరపై వచ్చిన మొదటి వరుసను ఎంచుకొని కాగితాన్ని జతచేశాము. దాని క్రింద రెండవ వరుస ఉన్నదని చూడలేదు. ఫలితంగా చక్కెర వ్యాధి లేని ఆమెకు రికార్డులో ఆ వ్యాధి వచ్చినది. వ్యాధి ఉన్న ఆమె రికార్డులో రిపోర్టు కనిపించక, ఆమెను మరల పరీక్ష చేయించుకొని రమ్మన్నారు. కూలికి పోయే ఆ తల్లి ఒక దినం కూలి, పరీక్ష రుసుము, రాకపోకల బస్సు ఖర్చు మా తొందరపాటు వలన నష్టపోయినది.

రికార్డు గదిలోని పెద్దాయన కోపగించలేదు. "స్కానరు కాగితాన్ని చూసింది బాబూ, మీరు చూడలేదు" అని మాత్రం అన్నారు. ఆ రాత్రి మేము ముగ్గురం భోజనం చేస్తూ కూడ దీనినే మాట్లాడుకొన్నాము. కాగితం పోయినప్పుడు నష్టం ఒక్కరికే. తప్పుగా జతపడినప్పుడు నష్టం ఇద్దరికి. పైగా పోయిన కాగితం లేదని వెంటనే తెలుస్తుంది, డాక్టరు అడుగుతారు. తప్పుచోట చేరిన కాగితం సక్రమంగా ఉన్నట్లే కనిపిస్తుంది, ఎవరూ అడగరు. ఆ నర్సుగారు అడగకపోయి ఉంటే, లేని వ్యాధికి మందులు వ్రాసియుండే ప్రమాదం ఉన్నది.

స్కానరు ఎరిగినది, ఎరుగనిది

ముందుగా స్కానరు చేసే పనిని తెలుసుకొందాము. ఏ-4 కాగితాన్ని అంగుళానికి 300 బిందువుల చొప్పున స్కాన్ చేసితే అడ్డంగా 2480, నిలువుగా 3508 బిందువులు ఏర్పడతాయి. మొత్తం సుమారు 87 లక్షల బిందువులు. ప్రతి బిందువు నలుపో, తెలుపో అని మాత్రమే గుర్తు పెట్టుకొనుటకు సుమారు 10.9 లక్షల బైట్లు, పూర్తి రంగులలో గుర్తు పెట్టుకొనుటకు సుమారు 2.6 కోట్ల బైట్లు కావలెను. ఇంత స్థలం ఒక్కొక్క కాగితానికి ఇచ్చుట కష్టం కనుక ప్రతిబింబాన్ని కుదించి జేపెగ్ రూపంలోనో, పి.డి.ఎఫ్. రూపంలోనో భద్రపరుస్తారు.

ఇంత జరిగినా ఆ కాగితంలో ఏమున్నదో కంప్యూటరుకు తెలియదు. దానికి బిందువులు తెలుసు, భావం తెలియదు. నానమ్మ గుండె పరీక్ష గీతలూ, పిల్లవాడు గీసిన కొండల బొమ్మా దానికి ఒక్కటే. స్కానరు ఆ ప్రతిబింబానికి పెట్టే పేరు కూడ ఏదో ఒక వరుస సంఖ్య మాత్రమే. అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేరు ఉన్నదిగదా అని మిత్రులు ప్రశ్నించవచ్చును. ఓ.సి.ఆర్. అనబడే ఆ సాఫ్ట్‌వేరు చక్కని అచ్చును బాగుగనే చదువుతుంది. డాక్టర్ల చేతివ్రాత వద్ద, మసకబారిన రబ్బరు ముద్ర వద్ద, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ కలిసిన చీటీ వద్ద తడబడుతుంది. అది పేరును చదివి "ఇది వీరిది కావచ్చును" అని సూచించగలదు. ఆ సూచనను పరీక్షించి ఔననో కాదనో చెప్పవలసినది మనిషియే.

ఒక మనిషి, ఒక సంఖ్య, ఒక కవరు

ఈ చిక్కు కంప్యూటర్లతో పుట్టినది కాదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని రోచెస్టరు పట్టణంలో మేయో క్లినిక్ అనే ప్రఖ్యాత వైద్యశాల ఉన్నది. ఇరవయ్యవ శతాబ్ది ప్రారంభంలో అక్కడి వైద్యులు తాము చూచిన రోగుల వివరాలను ఎవరి పెద్ద పుస్తకంలో వారు వ్రాసికొనేవారు. ఒకే రోగి ముగ్గురు వైద్యుల వద్దకు పోయినచో అతని కథ మూడు పుస్తకాలలో మూడు ముక్కలుగా ఉండిపోయేది. 1907లో హెన్రీ ప్లమ్మర్ అనే వైద్యుడు ఈ పద్ధతిని మార్చివేశాడు. వైద్యశాలకు మొదటిసారి వచ్చినప్పుడే ప్రతి రోగికి ఒక సంఖ్యను కేటాయించి, అతనికి సంబంధించిన కాగితాలన్నింటినీ ఆ సంఖ్య గల ఒకే కవరులో చేర్చే ఏర్పాటు చేశాడు. చూచిన వైద్యుడు ఎవరైనా కావచ్చును, కవరు మాత్రం రోగిది.

ఇందులోని గొప్పతనం ఏమనగా, రికార్డుకు కేంద్రం వైద్యుడు కాదు, రోగి అని అది స్థాపించినది. నేడు మన ఊరి ఆసుపత్రి ఓ.పి. చీటీ మీద కనిపించే సంఖ్య కూడ అదే ఆలోచనకు చెందినది. మనం ఆ చీటీని ఇంటికి రాగానే పారవేస్తాము. మరల పోయినప్పుడు కొత్త చీటీ వ్రాయించుకొంటాము. ఆ విధంగా ఒకే మనిషికి రెండు మూడు సంఖ్యలు ఏర్పడి, అతని కాగితాలు రెండు మూడు కవరులలో చెదరిపోతాయి. మేయో క్లినిక్ 1907లో వదలించుకొన్న జబ్బును మనమే మరల తెచ్చుకొంటున్నామన్నమాట.

ముడి పడే తీరు

కంప్యూటరులో ఈ కవరుకు బదులు ఏమున్నది? మన కళాశాల గ్రంథాలయాన్ని తలచుకొందాము. పుస్తకం అల్మారాలో ఉంటుంది. దాని వివరం పట్టికలో ఉంటుంది. పట్టికలోని సంఖ్యను పట్టుకొని అల్మారా వద్దకు పోతాము. వైద్య రికార్డుల సాఫ్ట్‌వేరు కూడ చాలవరకు ఇట్లే పని చేస్తుంది. ప్రతిబింబాలన్నీ ఒక భాండాగారంలో ఉంటాయి. వాటి వివరాలు మాత్రం వరుసలు, గడులుగా ఉన్న పట్టికలలో ఉంటాయి. ఇట్టి పట్టికలను ఒకదానితో మరొకటి సంబంధపరచే సిద్ధాంతాన్ని ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రకటించాడు.

ఒక పట్టికలో రోగులు ఉంటారు. ప్రతి రోగికి ఒక వరుస. ఆ వరుసలో సంఖ్య, పేరు, పుట్టిన తేదీ, చిరునామా. రెండవ పట్టికలో పత్రాలు ఉంటాయి. ప్రతి పత్రానికి ఒక వరుస. ఆ వరుసలో పత్రం సంఖ్య, అది ఏ రకమైనది, ఏ తేదీది, ప్రతిబింబం ఎక్కడ ఉన్నది అనే వివరాలతో పాటు "రోగి సంఖ్య" అనే ఒక గడి ఉంటుంది. ఒక రోగికి ఎన్ని పత్రాలైనా ఉండవచ్చును. ఒక పత్రం మాత్రం ఒక్క రోగికే చెందవలెను. ముడి అంటే ఆ ఒక్క గడియే. ఆ సాయంత్రం మేము తప్పు చేసినది కూడ ఆ ఒక్క గడిలోనే.

వేర్వేరు ఆసుపత్రుల కంప్యూటర్లు పరస్పరం అర్థం చేసికొనుటకు అంతర్జాతీయ ప్రమాణాలు ఏర్పడినవి. 1987లో ప్రారంభమైన హెచ్.ఎల్. 7 అనే సంస్థ రూపొందించిన ప్రమాణాలలో ఫైర్ అనునది నేడు ఎక్కువ ప్రచారంలో ఉన్నది. అందులో స్కాన్ చేసిన పత్రాన్ని గూర్చి చెప్పుటకు ప్రత్యేకమైన నమూనా కలదు. పత్రం ఎవరిది, ఏ రకానికి చెందినది, ఎవరు వ్రాసినది, ఏ సందర్శన సమయంలోనిది, ఎక్కడ భద్రపరచబడినది, ఇప్పుడు చెల్లుబాటులో ఉన్నదా అనే ప్రశ్నలకు అందులో స్థానం ఉన్నది. పత్రం రకాన్ని చెప్పుటకు లాయింక్ అనే సంకేత పట్టికను వాడుతారు. ఉదాహరణకు ఆసుపత్రి నుండి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి సారాంశానికి 18842-5 అనునది సంకేతం. భాష ఏదైనా, ఆసుపత్రి ఏదైనా సంకేతం మారదు.

ఇక్కడ తేదీని గూర్చి ఒక మాట చెప్పవలసి ఉన్నది. పరీక్ష జరిగిన తేదీ వేరు, కాగితాన్ని స్కాన్ చేసిన తేదీ వేరు. 2019లో చేసిన రక్త పరీక్షను 2024లో స్కాన్ చేసి, స్కాన్ చేసిన తేదీనే పత్రం తేదీగా వ్రాసితే, ఐదేండ్ల నాటి ఫలితం సరికొత్త ఫలితంగా అగ్రస్థానంలో కూర్చుంటుంది. మనిషి సరియైనవాడే, కాలం తప్పు. అదియూ తప్పు ముడియే.

మన దేశపు ఉదాహరణ ఒకటి చెప్పుకొందాము. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ సమీపాన గనియారి గ్రామంలో జన స్వాస్థ్య సహయోగ్ అనే సేవాసంస్థ ఆసుపత్రిని నడుపుతున్నది. చుట్టుపట్ల పల్లెల పేదలు దానికి వస్తారు. అక్కడి అవసరాలకై థాట్‌వర్క్స్ సంస్థ ఇంజనీర్లు తయారుచేసిన బాహ్మ్నీ అనే సాఫ్ట్‌వేరును నేడు ఎవరైనా ఉచితంగా వాడుకొనవచ్చును. అందులో రోగి తెచ్చిన పాత కాగితాలను స్కాన్ చేసి చేర్చుటకు ఒక విభాగం ఉన్నది. ముందుగా రోగిని ఎంచుకొని, అతని ఏ సందర్శనకు చెందిన కాగితమో నిర్ణయించి, ఆ తరువాతనే ప్రతిబింబాన్ని చేర్చవలెను. క్రమాన్ని గమనించండి: మనిషి ముందు, కాగితం తరువాత. కాగితాల గుట్టను ముందుగా స్కాన్ చేసి, యజమానులను పిమ్మట వెదకే పద్ధతిలో తప్పులకు ఎక్కువ చోటు ఉంటుంది. మేము చేసినది ఆ రెండవ పద్ధతియే.

పేర్ల చిక్కు

రోగి సంఖ్య కాగితంపై ఉంటే పని సులభం. లేనప్పుడు పేరుపై ఆధారపడవలసి వస్తుంది. చిక్కంతా అక్కడనే మొదలౌతుంది. ఈ చిక్కు మన కళాశాల విద్యార్థులకు కొత్తగా చెప్పనక్కరలేదు. మనలో ఎందరికి పదవ తరగతి సర్టిఫికెట్టులో ఒక పేరు, ఆధార్ కార్డులో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఒక పేరు లేవు?

ఉర్దూలో జాల్, జే, జ్వాద్, జోయ్ అని నాలుగు వేర్వేరు అక్షరాలు ఉన్నవి. పలుకులో నాలుగింటికీ ఒకే ధ్వని. ఆ పేర్లను తెలుగులో వ్రాసినప్పుడు అన్నింటికీ "జ" ఒక్కటే గతి. ఆ తెలుగును చూచి ఇంగ్లీషులో వ్రాసే గుమాస్తా ఒకసారి జెడ్ వాడుతాడు, మరొకసారి జె వాడుతాడు. జాకిర్ అనే ఒక్క మనిషి ఇద్దరు మనుష్యులౌతాడు. షేక్ అను పదాన్ని ఇంగ్లీషులో మూడు నాలుగు విధాలుగా వ్రాస్తారు. మొహమ్మద్ ఒకచోట పూర్తిగా, ఒకచోట రెండు అక్షరాల పొట్టి రూపంలో కనిపిస్తుంది. ఫాతిమా బీ, ఫాతిమా బేగం ఒక్కరేనా, ఇద్దరా అన్నది కాగితం చెప్పదు. తెలుగు పేర్ల సంగతియూ అంతే. ఇంటిపేరు ముందు వ్రాసేవారు కొందరు, చివర వ్రాసేవారు కొందరు. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించేవారు పెక్కు మంది. కె. లక్ష్మి అని పిలిస్తే ఓ.పి. వరుసలో నలుగురు లేచి నిలబడతారు.

పేర్ల వ్రాతలోని తేడాలను అధిగమించుటకు అమెరికాలో రాబర్ట్ రస్సెల్ అనే ఆయన 1918లో సౌండెక్స్ అనే పద్ధతికి పేటెంటు పొందాడు. దాని ప్రకారం పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరాన్ని అట్లే ఉంచి, అచ్చులను వదలి, ఒకే తీరున పలికే హల్లులకు ఒకే అంకె ఇస్తారు. షేక్ అను పేరును ఎన్ని విధాల వ్రాసినా ఈ పద్ధతిలో ఎస్-200 అనియే వస్తుంది. ఇంతవరకు బాగు. కాని మొహమ్మద్‌ను పూర్తిగా వ్రాసితే ఎమ్-530, పొట్టిగా వ్రాసితే ఎమ్-300 వస్తుంది. జాకిర్ ఒకచోట జెడ్-260, మరొకచోట జె-260 అవుతాడు. ఇంగ్లీషు పేర్లకై పుట్టిన కొలబద్ద మన పేర్లను పూర్తిగా కొలువలేదని దీనివలన తెలుస్తున్నది. మన పేర్లు ఒక లిపి నుండి మరొక లిపికి పోయేటప్పుడు ఎట్లు మారుతాయో బాగుగా ఎరిగినవారు మనమే. కంప్యూటరు చదువుతున్న మన విద్యార్థులు తెలుగు, ఉర్దూ పేర్లకు తగిన పద్ధతిని తయారుచేయ పూనుకొంటే అది చిన్న సేవ కాదు.

పుట్టిన తేదీ సంగతి చూద్దాము. మన పెద్దవారిలో అసలు తేదీ తెలియక జనవరి 1 అని వ్రాయించుకొన్నవారు పెక్కు మంది. ఫోను నంబరు నమ్ముదామా అంటే, ఇంటిల్లిపాదికీ కొడుకు ఫోను ఒక్కటే. కావున ఏ ఒక్క గుర్తూ చాలదు.

పొరపాటును ఆపే మార్గాలు

అందువలననే 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్షాన వెలువడిన రోగి భద్రతా సూచనలలో కనీసం రెండు గుర్తులతో రోగిని నిర్ధారించవలెనని చెప్పబడినది. పేరు, పుట్టిన తేదీ అట్టివి. మంచం సంఖ్య, గది సంఖ్య గుర్తులు కావు. నిన్న ఒకరున్న మంచం మీద నేడు మరొకరు ఉండవచ్చును.

ప్రశ్న అడిగే తీరు కూడ ముఖ్యం. "మీరు ఫలానా ఆమేగదా?" అని అడిగితే మన పెద్దవారు మర్యాదకొద్దీ, లేక సరిగా వినిపించక, "ఆఁ" అంటారు. "మీ పేరు చెప్పండమ్మా, మీ ఆయన పేరు ఏమిటి, ఏ ఊరు?" అని అడిగితే సమాధానం వారి నోటనే రావలెను. ఈ మార్పునకు పైసా ఖర్చు లేదు.

రెండవ మార్గం సంఖ్యలోనే కాపలాదారును నిలుపుట. సంఖ్య చివర ఒక తనిఖీ అంకెను చేర్చుతారు. ముందు అంకెలను ఒక నియమం ప్రకారం లెక్కించితే ఆ చివరి అంకె రావలెను. రాకపోతే ఎక్కడనో తప్పు కొట్టినట్లు. డచ్చి గణిత శాస్త్రజ్ఞుడు యాకోబస్ వర్హోఫ్ 1969లో ప్రకటించిన పద్ధతి ఏ ఒక్క అంకె మారినా, పక్కపక్కనున్న రెండు అంకెలు తారుమారైనా పట్టివేస్తుంది. మన ఆధార్ సంఖ్యలోని 12 అంకెలలో చివరిది అట్టి తనిఖీ అంకెయే.

మూడవ మార్గం చేతితో కొట్టే పనినే తగ్గించుట. 1992లో అమెరికాలోని టొపీకా పట్టణంలో మాజీ సైనికుల ఆసుపత్రి నర్సు స్యూ కిన్నిక్, అద్దె కార్లను తిరిగి అప్పగించేచోట ఒక చిన్న యంత్రంతో బార్‌కోడ్‌ను చదువుట చూచి, ఇదే పద్ధతి రోగికి మందులిచ్చే చోట ఎందుకు ఉండరాదని ఆలోచించినది. ఆ ఆలోచన పిమ్మట ఆ దేశపు మాజీ సైనికుల ఆసుపత్రులన్నింటిలో అమలులోకి వచ్చినది. పత్రాల విషయంలోనూ అదే సూత్రం. రోగి వచ్చినప్పుడే అతని సంఖ్య గల బార్‌కోడ్ చీటీలు అచ్చువేసి ప్రతి కాగితంపై అంటించితే, స్కానరు కాగితంతో పాటు సంఖ్యను కూడ తానే చదువుకొంటుంది. ఐతే చీటీని అంటించే చేయి మనిషిదేనని మరువరాదు.

ఇవన్నీ ఉన్నా, జతచేసిన ప్రతి పత్రాన్ని రెండవ మనిషి ఒకసారి చూచుట మంచిది. మా తప్పు తెలిసిన మరునాటి నుండి పెద్దాయన మా చేత అట్లే చేయించారు. ఒకరు జతచేసిన కాగితాన్ని మరొకరు చదవవలెను. పుటల సంఖ్య తగ్గినది, పందెం ఆగిపోయినది. మిగిలిన సెలవులలో పాత పని మరల చూడగా మేము జతచేసినవానిలో మరి నాలుగు తప్పులు మాకే దొరికినవి.

తప్పు జరిగిన పిమ్మట

తప్పును తుడిచివేయుట దిద్దుబాటు కాదు. వైద్య రికార్డులో ఏదియూ జాడ లేకుండ మాయం కారాదు. ఆ తప్పుడు కాగితాన్ని చూచి ఎవరైనా డాక్టరు మందు వ్రాసియుంటే, ఎందుకు వ్రాశారో తరువాత తెలియవలెను గదా! అందుచేత మేము పైన పేర్కొన్న ఫైర్ ప్రమాణంలో "పొరపాటున చేర్చబడినది" అనే స్థితిని ప్రత్యేకంగా ఏర్పరచారు. పత్రం చరిత్రలో ఉంటుంది, చికిత్సలో మాత్రం లెక్కకు రాదు. ఎవరు చేర్చారు, ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అనే చిట్టా కూడ సాఫ్ట్‌వేరు వ్రాసికొంటుంది.

దిద్దుబాటులో నాలుగు పనులు ఉన్నవి. తప్పు రికార్డు నుండి పత్రాన్ని విడదీయవలెను. సరియైన రికార్డుకు జతచేయవలెను. ఆ పత్రం ఆధారంగా రెండుచోట్ల ఏమేమి నిర్ణయాలు జరిగినవో డాక్టరుకు తెలుపవలెను. చివరగా, ఆ ఇద్దరు రోగులకు నిజం చెప్పవలెను. మొదటి రెండు పనులు కంప్యూటరు ముందు కూర్చొని ఒక నిమిషంలో చేయవచ్చును. చివరి పని మాకు చాల కష్టమైనది. పెద్దాయన వెంట మేము ఆ కూలి తల్లి వద్దకు పోయి జరిగినది చెప్పాము. ఆమె మమ్ములను తిట్టలేదు. "మళ్ళీ అట్ల చేయకండి నాయనా" అన్నది. మేము ఈ వ్యాసం వ్రాయుటకు ఆ మాటయే కారణం.

రోగికి ఉన్న హక్కులు

మన దేశంలో 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశవ్యాప్తంగా ప్రారంభింపబడినది. దీని క్రింద కోరినవారికి 14 అంకెల ఆరోగ్య సంఖ్య లభిస్తుంది. దానిని ఆభా అంటారు. వేర్వేరు ఆసుపత్రులలోని రికార్డులను ఆ సంఖ్యకు ముడివేసికొనవచ్చును. రోగి సమ్మతి ఇచ్చినప్పుడే ఒకచోటి పత్రం మరొకచోటికి పోవలెనని ఇందులో నియమం. ప్లమ్మర్ కవరు ఒక వైద్యశాలకు పరిమితం. ఈ కవరు దేశమంత పెద్దది. కవరు పెద్దదైనకొద్దీ తప్పు ముడి ప్రయాణించే దూరం కూడ పెరుగుతుందని గ్రహించవలెను.

2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం రోగి తన రికార్డులను కోరినచో 72 గంటలలో ఇవ్వవలెను. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో, తప్పుగా ఉన్న సమాచారాన్ని సరిదిద్దుమని కోరే హక్కు పేర్కొనబడినది. కాని తన రికార్డులో ఏమున్నదో చూచుకొననివాడు తప్పును ఎట్లు కనుగొంటాడు? చదువు రాని పెద్దవారి పక్షాన ఆ చూపు మనదే కావలెను.

మనవి

సహ విద్యార్థులకు మా మనవి. ఇంటికి పోయి ఆ సంచిని దించండి. ప్రతి కాగితంపై ఎవరిదో, ఏ తేదీదో, ఏ ఆసుపత్రిదో పెన్సిలుతో వెనుకవైపు వ్రాయండి. ఓ.పి. చీటీపై ఉన్న సంఖ్యను ఒకచోట భద్రంగా వ్రాసి ఉంచండి. ఆసుపత్రిలో కాగితాలను స్కాన్ చేసేటప్పుడు పక్కన నిలబడి, తెరపై ఉన్న పేరును, తండ్రి లేక భర్త పేరును, వయసును చదవండి. అసలు కాగితాలను పారవేయకండి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మనలో పెక్కు మందికి పేరు స్థిరపడేది విద్యాసంస్థల అడ్మిషను రిజిస్టరులోనే. అక్కడ ఒక అక్షరం తప్పిపోతే ఆ తప్పు సర్టిఫికెట్టులకు, వాటి నుండి కార్డులకు, కార్డుల నుండి ఆసుపత్రి రికార్డులకు పాకుతుంది. చేరే ప్రతి విద్యార్థి పేరును తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడు లిపులలోనూ వ్రాయించి, విద్యార్థి చేతనే బిగ్గరగా చదివించి, సంతకం తీసికొనే ఏర్పాటు చేయవలెనని ప్రార్థిస్తున్నాము. ఇందుకు రిజిస్టరులో రెండు గడులు అదనంగా గీయుట తప్ప వేరే వ్యయం లేదు.

మాలో ఇద్దరం ఈ వేసవిలో మరల అదే రికార్డు గదికి పోదలచినాము. పెద్దాయన రమ్మన్నారు. ఈసారి పుటలు లెక్కపెట్టబోము. ప్రతి కాగితాన్ని చేతిలోకి తీసికొని, ఇది ఎవరిదని ముందుగా అడుగుతాము.